ఏడు సంపుటాల ప్రగతి నివేదిక

మా బావమరిది ఫాంటసీ నవలలు రాస్తున్నాడు. వరసగా ఏడు సంపుటాలు, సొంత ప్రచురణ. గిడుగు రామమూర్తి గారి తర్వాత, ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి నుంచి తెలుగుకు ఇంత సేవ జరగడం ఇదే మొదలు కాబట్టి, పని ఎందాకా వచ్చిందో ప్రజలకు తెలియజేయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఏడు ముఖచిత్రాలు సిద్ధం. గడ్డం కింద చెయ్యి, వెనకాల మహేంద్రగిరి కనబడేలా రచయిత ఫొటో సిద్ధం. అంకితం సిద్ధం (మా అత్తగారికి. నాకిస్తాడేమోనని కొన్నాళ్లు టెన్షన్ పడ్డాను). ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు నంబరు) దరఖాస్తులూ వెళ్లాయి. సంపుటానికొకటి చొప్పున 13 అంకెల నంబరు, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్లు పైసా తీసుకోకుండా ఇస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో ఊరికే వచ్చేది అదొక్కటే.

కథ మాత్రం మొదటి సంపుటం మూడో అధ్యాయంలో ఉంది. రెండేళ్లుగా అక్కడే ఉంది.

ఆలస్యానికి సాహిత్య కారణాలున్నాయి. జనం మాట్లాడే భాషలో రాయండయ్యా అని గిడుగు వారు ఈ ఊళ్లో పంతులుగా ఉంటూనే పోరాడారు. కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా చేశారు. అదే ఊళ్లో మావాడి డ్రాగన్ నోరు తెరిస్తే "ఓరీ నరాధమా, ఎచ్చటికేగుచున్నావు?" అంటుంది.

"ఇదేటిరా?" అన్నాను.

"దాని వయసు మూడు వేల ఏళ్లు బావా. గ్రాంథికం కాక ఏటి మాటాడతాది?" అన్నాడు. కాదనలేకపోయాను.

ఇక డీటీపీ. వీడు యూనికోడ్‌లో కొట్టినదాన్ని ప్రెస్సు వాళ్ల ఫాంటులోకి మార్చేసరికి వత్తులు ఎగిరిపోయాయి. డ్రాగన్ కాస్తా డాగన్ అయింది. ఊరవతల గుహలో కూర్చుని దారిన పోయేవాళ్ల మీద పడుతుంది కనుక, ప్రూఫులు చూసిన మా ఆవిడ అది కుక్క కథే అనుకుని చివరిదాకా చదివింది. ఇప్పటివరకూ దొరికిన ఏకైక పాఠకురాలు ఆవిడే.

ప్రెస్సు వాళ్ల లెక్క ఫారాల్లో ఉంటుంది. ఫారమంటే 16 పేజీలు. రాసింది 34 పేజీలు, అంటే రెండు ఫారాల మీద రెండు పేజీలు. రెండు పేజీలు తీసెయ్యండి, లేదా పద్నాలుగు పేజీలు రాయండి అన్నారు. తీసెయ్యడానికి మనసొప్పలేదు, రాయడానికి కథ రాలేదు. చివర పద్నాలుగు పేజీల పదకోశం పెట్టాడు. అందులోని మాటలు చాలామటుకు కథలో ఇంకా రాలేదు.

అసలు దెబ్బ కథలోని రాజ్యాల పటం దగ్గర తగిలింది. ఒక ఊరు, దానికి ఇద్దరు రాజులు. ఇద్దరూ ఆ ఊరు మాదేనంటారు, ఇద్దరూ బియ్యం పంచుతారు, జనం ఇద్దరి దగ్గరా పుచ్చుకుంటారు. తన కల్పనకు తనే మురిసిపోతూ చదివి వినిపించాడు.

"ఇందులో ఫాంటసీ ఏదిరా? ఇది కొటియా కదా!" అన్నాను. కొరాపుట్ జిల్లాలో ఆ 21 ఊళ్ల కోసం ఒడిశా, ఆంధ్ర 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. అంతదూరం దేనికి, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పుణ్యమా అని ఇక్కడ షేర్ ఆటో ఎక్కితే కునుకు పట్టేలోపు ఆంధ్రలోని పాతపట్నం, రాష్ట్రమే మారిపోతుంది. ఇలాంటి చోట పుట్టినవాడు ఎంత ఊహించినా పేపర్లో వచ్చిన వార్తలాగే ఉంటుంది, పాపం.

వాడు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు తెల్లారకుండానే ఫోన్ చేశాడు. ఆ ఇద్దరు రాజుల తాతల కాలానికి వెళ్లి, గీత ఎవరు గీశారో చెప్పే సున్నా సంపుటం ముందు రావాలట.

మొన్నటిదాకా ఏడింట ఒక్కటీ కాలేదు. ఇప్పుడు ఎనిమిదింట ఒక్కటీ కాలేదు. ఇంకో నంబరు కోసం ఢిల్లీకి దరఖాస్తు వెళ్లింది.