‘వచ్చారు’ ఎవరికి, ‘వచ్చింది’ ఎవరికి?

బస్సు వచ్చింది. వాన వచ్చింది. బర్రె వచ్చింది. కోడలు వచ్చింది. నాలుగింటిలోనూ క్రియ ఒక్కటే. కోడలి స్థానంలో అల్లుణ్ని పెట్టి చూడండి. అల్లుడు వచ్చాడు, కాస్త మర్యాదలు పాటించే ఇల్లయితే అల్లుడుగారు వచ్చారు. తెలుగులో పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ తోచదు. పరాయి భాషవాళ్లు తెలుగు నేర్చుకుంటూ ‘స్త్రీకి, వస్తువుకి ఒకే క్రియా?’ అని అడిగినప్పుడే మనకూ అది కంటికి ఆనుతుంది.

మన వ్యాకరణం ఈ సంగతిని దాచలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తుకు ఉన్న నిర్వచనం ఇది: స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివన్నీ మహత్తులు. అంటే లెక్కలో మిగిలేది పురుషులే. మహత్తు కానివి అమహత్తులు. స్త్రీలను చెప్పే మాటలు మహతీవాచకాలు. అవి ఏకవచనంలో అమహత్తుల్లా, బహువచనంలో మహత్తుల్లా నడుస్తాయి. అందుకే స్త్రీ ఒక్కతే అయితే ‘వచ్చింది’, ఇద్దరైతే ‘వచ్చారు’. బర్రెలు ఎన్నున్నా ‘వచ్చాయి’ దగ్గరే ఆగుతాయి.

ఇక్కడే చాలామంది తొందరపడి ‘తెలుగు భాషే స్త్రీని కించపరుస్తోంది’ అని తేల్చేస్తారు. ఆ తీర్పు నిలవదు. ఏకవచనంలో పురుషుడు ఒకవైపు, మిగిలిన లోకమంతా ఇంకోవైపు ఉండే పద్ధతి మన ఒక్కరిదే కాదు, చాలా ద్రావిడ భాషల్లో ఉంది. ఆదిలాబాద్ వైపు మాట్లాడే గోండి, కోలామి భాషల్లో బహువచనంలోనూ స్త్రీలు అమహత్తు పక్షానే ఉంటారు. తమిళం వందాన్, వందాళ్, వందదు అని మూడుగా విడదీస్తుంది. కన్నడంలోనూ స్త్రీకి ‘బందళు’ అని వేరే రూపం ఉంది. మలయాళం క్రియలో లింగాన్నే వదిలేసి ఎవరొచ్చినా ‘వన్ను’ అంటుంది. అంతమాత్రాన కేరళలో ఆడ మగ తేడా మాయమైపోలేదు, తమిళ స్త్రీకి విడిగా ఒక ప్రత్యయం దొరికినందుకు ఆమె బతుకు మారిపోలేదు. పైగా మన పాత గ్రాంథికంలోనే రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను అని ముగ్గురికీ ఒకే క్రియ చెల్లింది. ‘వచ్చినది’ కుదించుకుపోయి ‘వచ్చింది’ అయి వాడుకలో స్థిరపడ్డాక ఈ తేడా నోటినోటా కుదురుకుంది.

కాబట్టి నిలదీయాల్సింది ప్రత్యయాన్ని కాదు. మర్యాద పంపకాన్ని. ఏకవచనంలో ఉన్న మనిషికి బహువచనపు క్రియ ఇచ్చి గౌరవించే వీలు తెలుగుకు ఎప్పటినుంచో ఉంది. ‘ఆవిడ వచ్చారు’ అనడానికి ఏ వ్యాకరణమూ అడ్డు రాదు. ఆ ‘రు’ ఎవరికి పెట్టాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది పూర్తిగా మాట్లాడేవాళ్ల చేతిలో పని. సమాజం భాషలోకి దూరేది సరిగ్గా ఆ సందులోంచే.

ఇంట్లో చూడండి. కోస్తా మధ్యతరగతి ఇళ్లలో ‘నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది’ అన్నది ఒకే నోటినుంచి, ఒకే ఊపిరిలో వచ్చే మాట. అమ్మ దగ్గర చనువు కదా అంటారు. నిజమే, అందులో చనువు ఉంది. కానీ చనువు ఎప్పుడూ ఆమె వాటాకే ఎందుకు వస్తుంది? భార్య ‘ఏవండీ, వచ్చారా’ అంటుంది, భర్త ‘ఏమే, వచ్చావా’ అంటాడు. పిలుపుల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ముద్దు ఎక్కువైనప్పుడు కూతుర్ని ‘ఏరా’ అంటాం, ‘నాన్నా’ అంటాం, ‘ఇలా రారా కన్నా’ అంటాం. కొడుకును ముద్దుగా ‘ఏమే’ అని పిలిచే ఇల్లు ఉండదు. పిలిస్తే వాడు రోషపడతాడు. మగ పిలుపు ఆడపిల్లకు ఇస్తే గారాబం, ఆడ పిలుపు మగపిల్లాడికి ఇస్తే అవమానం. ఈ తేడా ఏ సూత్రంలోనూ రాసిలేదు, అయినా నాలుగేళ్ల పిల్లలకు తెలుసు.

ప్రాంతాన్ని బట్టి ఈ దూరం మారుతుందని గుర్తుంచుకోవాలి. తెలంగాణలో ‘ఆయన వచ్చిండు, ఆమె వచ్చింది’ అంటారు. రాయలసీమలో ‘ఆయప్ప వచ్చినాడు, ఆయమ్మ వచ్చింది’ అంటారు. పెద్దాయనకు కూడా ఏకవచనమే కాబట్టి మెట్టు ఎక్కువ తక్కువలు అంతగా కనిపించవు. ‘ఆయన వచ్చారు, ఆవిడ వచ్చింది’ అన్న ఎగుడుదిగుడు పదునెక్కింది కోస్తా చదువుకున్నవాళ్ల మాటలో. అచ్చు భాషకు ఆ మాటే పునాది అయింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, టీవీ వార్తలు దాన్నే అందరికీ పంచాయి.

పత్రికా భాషలో ఈ పంపకం ఎలా జరుగుతుందో ఏ రోజు పేజీ తీసినా తెలుస్తుంది. మంత్రి, కలెక్టర్, జడ్జి స్త్రీ అయినా ‘అన్నారు’. పదవి ఉంది కాబట్టి ‘రు’ వచ్చింది. ఆటల పేజీలో అందరికీ ఏకవచనమే, ‘కొట్టాడు’, ‘గెలిచింది’. సినిమా వార్తల్లోకి వెళ్తే హీరో ‘వెల్లడించారు’, హీరోయిన్ ‘చెప్పుకొచ్చింది’. పైగా ఆమెకు పేరు ఉన్నా భామ, ముద్దుగుమ్మ, బ్యూటీ అనే ముసుగులు తప్పవు. నేర వార్తల్లో ఫిర్యాదు చేసిన స్త్రీ ‘తెలిపింది’, ఆ ఫిర్యాదు తీసుకున్న ఎస్సై ‘తెలిపారు’. పదవి లేని మగవాడికీ ‘రు’ దక్కదు. కూలీ పనికి వెళ్లినవాడు ‘వెళ్లాడు’ అనే రాస్తారు. కులం, డబ్బు, హోదా అన్నీ ఈ ఒక్క అక్షరంలోనే తూకం వేయబడతాయి. అయినా అతనికి ‘డు’ మిగులుతుంది, మనిషికి మాత్రమే చెందిన ప్రత్యయం. అతని పక్కనే నడిచి వెళ్లిన కూలీ స్త్రీకి అదీ లేదు.

శీర్షికల్లో ఇంకో అలవాటు ఉంది. ‘వివాహిత అదృశ్యం’, ‘వివాహిత ఆత్మహత్య’. ‘వివాహితుడు అదృశ్యం’ అనే శీర్షిక ఎవరూ పెట్టరు. మగవాడు కనిపించకుండా పోతే ‘వ్యాపారి’, ‘రైతు’, ‘యువకుడు’ అవుతాడు. స్త్రీ టీచరైనా, టైలరైనా, బ్యాంకు ఉద్యోగి అయినా ముందు పెళ్లి సంగతే చెబుతారు. ముత్తైదువ, పునిస్త్రీ, వితంతువు అని స్త్రీకి పెళ్లితో ముడిపడిన మాటలు ఇన్ని ఉన్నాయి. భార్య పోయిన మగవాణ్ని చెప్పే ‘విధురుడు’ నిఘంటువు దాటి బయటికి రాలేదు. ‘విధవ’ మాత్రం ‘వెధవ’ అయి తిట్టుగా స్థిరపడింది. మగవాణ్ని తిట్టడానికి కూడా భర్త పోయిన ఆడమనిషే కావాల్సివచ్చింది.

నామవాచకాల్లోకి వస్తే, మగవాడు అన్న మాటలో ‘వాడు’ ఉన్నాడు, ఆడది అన్న మాటలో ‘అది’ ఉంది. అందుకే ‘ఆడది’ అనగానే చెవికి మొరటుగా తగులుతుంది. మర్యాదగా చెప్పాలంటే ‘ఆడమనిషి’ అనో, బహువచనంలోకి వెళ్లి ‘ఆడవాళ్లు’ అనో అనాలి. తెలివైనవాడు, తెలివైనది, పెద్దవాడు, పెద్దది. ఒక అమ్మాయిని మెచ్చుకుంటూ రాసిన వాక్యం అదే మాటతో ఒక గేదెకూ సరిపోతుంది.

వృత్తుల పేర్లు ఇంతకన్నా లోతైన నష్టం చేస్తున్నాయి. రైతు అన్న మాటకు లింగం లేదు. దానికి ఆప్యాయంగా ‘అన్న’ తగిలించి రైతన్న చేశాం. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా స్త్రీలే. ఆ మాటలో మాత్రం వాళ్లు లేరు. వాళ్లను చెప్పాల్సివస్తే ‘మహిళా రైతు’ అని వేరే చీటీ అంటిస్తాం. 2015-16 వ్యవసాయ గణనలో దేశంలోని కమతాల్లో స్త్రీలు నిర్వహిస్తున్నట్టు నమోదైనవి దాదాపు 14 శాతమే. పాసుపుస్తకంలో పేరు లేనివాళ్లకు మాటలోనూ చోటు లేకపోతే పథకాలు, పరిహారం అడిగేటప్పుడు ‘నేను రైతును’ అని చెప్పుకోవడానికి ఆధారం ఏముంటుంది?

నేతన్న సంగతీ అంతే. 2019-20 నాలుగో జాతీయ చేనేత గణనలో నమోదైన 35 లక్షల మందికి పైగా కార్మికుల్లో 70 శాతం పైచిలుకు స్త్రీలు. పోచంపల్లి చీరకు రంగు అద్దేముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఇళ్లలో ఆ పని స్త్రీలదే. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మగ్గం మీద కూర్చున్న మనిషిని మాత్రమే చూసి పుట్టిన ‘నేతన్న’ అన్న మాట ఆ 9 వేల సార్లు ఆడిన చేతిని లెక్కలోకి తీసుకోదు. ‘చేనేత కార్మికులు’ అన్న మాట తీసుకుంటుంది. రాసేవాళ్లు ఎంచుకోవాల్సింది ఆ రెండో మాటను.

దిద్దుబాటు చేయదలచుకున్న పత్రికా డెస్కులకు పని కష్టమేమీ కాదు. ఒకే వార్తలో ఒకరికి ‘రు’ వాడితే, ఆ వార్తలో మాట్లాడిన అందరికీ అదే వాడాలి. ఫిర్యాదుదారుకు, ప్రత్యక్షసాక్షికి, బాధిత కుటుంబంలో ఉన్నవాళ్లకు కూడా. ఇందులో రెండు చిక్కులు వస్తాయి. ‘రు’ ఏకవచనమో బహువచనమో తెలియనివ్వదు. ‘ఆమె, కొడుకు స్టేషన్‌కు వచ్చారు. ఫిర్యాదు చేశారు’ అంటే చేసింది ఎవరో తెలియదు. రెండో వాక్యంలో పేరు మళ్లీ రాయడమే మందు. నిందితులకు ‘రు’ పెడితే ‘గొంతు నులిమారు’ అని వింతగా వినిపిస్తుంది. వాళ్లకు ఏకవచనం ఉంచవచ్చు, కానీ నిందితుడికి, నిందితురాలికి ఒకే పద్ధతి ఉండాలి.

‘విద్యార్థిని’ అనే మాట దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ‘విద్యార్థిని చితకబాదిన ఉపాధ్యాయుడు’ అన్న శీర్షికలో దెబ్బలు తిన్నది అబ్బాయా, అమ్మాయా? విద్యార్థికి ద్వితీయా విభక్తి ‘ని’ చేరినా అదే రూపం, స్త్రీవాచకమూ అదే రూపం. స్త్రీవాచకానికి మళ్లీ ‘ని’ చేర్చి ‘విద్యార్థినిని’ అనాల్సిన చోట చాలామంది ఒక ‘ని’ మింగేస్తారు. లింగంతో పని లేని వార్త అయితే ‘విద్యార్థిపై దాడి’ అంటే సరిపోతుంది. లింగం చెప్పడం అవసరమైతే ‘బాలిక’ అని సూటిగా రాయాలి. అధ్యక్షురాలు, సభ్యురాలు, న్యాయవాది, మంత్రి అన్నవి నిలదొక్కుకున్న మాటలే; వాటికి ముందు మళ్లీ ‘మహిళా’ తగిలించడం ఎందుకు?

ఫోన్ యాప్‌లకు, ప్రభుత్వ సందేశాలకు తెలుగు రాసేవాళ్లకూ ఇదే దారి. పేరు ఖాళీగా వదిలి వాక్యం అచ్చులో పోసేటప్పుడు ‘చేరాడు’ అని పెడితే సగం మందికి తప్పు, ‘చేరింది’ అంటే మిగతా సగానికి తప్పు. ‘చేరారు’ అందరికీ చెల్లుతుంది. మనకు సిద్ధంగా ఉన్న ఈ సౌకర్యం హిందీకి లేదు. అక్కడ ‘నేను వస్తున్నాను’ అనాలన్నా ఆడో మగో ముందే చెప్పాలి. తెలుగులో నేను, నువ్వు, మీరు అన్న మాటలకు లింగమే అంటదు. ఎదుటివాళ్లు మన గురించి చెప్పుకునేటప్పుడే ఆ ముద్ర పడుతుంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి రాసేటప్పుడు ఈ ముద్ర బరువు ఎంతో తెలుస్తుంది. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో తమ లింగాన్ని తామే నిర్ణయించుకునే హక్కు వాళ్లదేనని చెప్పింది. అయినా వార్తల్లో ఒక పేరాలో ‘అతడు’, తర్వాతి పేరాలో ‘ఆమె’, వీధిలో అయితే ‘అది’. ట్రాన్స్ మహిళ తనను ‘ఆమె’ అనమంటే ‘ఆమె’ అనాలి. అడిగే వీలు లేనప్పుడు ‘వారు వచ్చారు’ అని రాయాలి. అందుకు కొత్త సర్వనామం పుట్టించనక్కర్లేదు. మామగారికి, మాస్టారికి, ఎమ్మెల్యేగారికి ఇన్నాళ్లూ ఇస్తున్నది అదే మాట.