మహారాజశ్రీ యూ-టర్న్ గారి సముఖమునకు

మహారాజశ్రీ యూ-టర్న్ గారికి హైదరాబాద్ నివాసి ఒకడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అంటే, రోడ్డుకు ఇవతల ఉన్నవాళ్లం క్షేమం. అవతలి వాళ్ల సంగతి తెలియదు, కలిసి చాలా కాలమైంది.

నిన్న మధ్యాహ్నం మా అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి ఆటోలో బయల్దేరాం. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. అయినా హాస్పిటల్ బోర్డు ఆమెకే ముందు కనిపించింది. "అగో, గదే గదా దవఖాన! ఆపుమను" అంది. ఆటో అతను వెనక్కి తిరక్కుండానే, "గాడ తిర్గనియ్యరమ్మా, ముంగట యూ-టర్న్ కొట్టి రావాలె" అన్నాడు. హాస్పిటల్ కుడిచేతి పక్క నుంచి నింపాదిగా వెనక్కి వెళ్లిపోయింది. పాత చౌరస్తా వచ్చింది, సిమెంటు దిమ్మెలు అడ్డం. అదీ పోయింది. మీరు పోయిన వారం వరకు కొలువున్న చోటు వచ్చింది, అక్కడ పసుపు బారికేడ్లు! రాత్రికి రాత్రే మీరు మకాం మార్చారట. ఎక్కడికని అడిగితే చెప్పే నాథుడు లేడు. కాసేపటికి అమ్మ నా చెయ్యి తట్టి, "గింత దూరం దీస్కవోతున్నవ్, వేరే దవఖానకారా?" అని అడిగింది.

మేం తిరిగొచ్చేసరికి ఓపీ కట్టేశారు. డాక్టరు గారు వెళ్లిపోయారు. ఏ వైపుకు వెళ్లారో తెలియదు గానీ, ఆయనకూ మీ దర్శనం తప్పి ఉండదు.

ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టని మా పెద్దలు ఎగతాళికి చెప్పుకున్న మాటను రోడ్డు మీద తారు పోసి మరీ కట్టిన ఘనత మీదే. అందుకు ముందుగా అభినందనలు.

మీ సిద్ధాంతం నాకు తెలియదనుకోవద్దు. నాలుగు రోడ్ల కూడలిలో అసలు చిక్కంతా కుడివైపు తిరిగే బండ్లతోనే. అవి తిరగాలంటే ఎదురుగా వచ్చేవాళ్లను ఆపాలి. ఆపాలంటే సిగ్నల్ కావాలి, ఒక్కో వైపుకూ ఒక్కో వంతు. ఆ కుడి మలుపునే పీకేస్తే సిగ్నల్ అక్కర్లేదు. అందరూ తిన్నగా పోతారు, తిరగాల్సినవాళ్లు ముందుకెళ్లి మీ దగ్గర తిరిగి వెనక్కి వస్తారు. కాగితం మీద బాణం గుర్తులతో గీసి చూపిస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! ఆ బొమ్మలో ఆర్టీసీ బస్సు ఉండదు.

బస్టాపు ఎడమ పక్కన ఉంటుంది, మీరు కుడి పక్కన డివైడర్‌ను ఆనుకుని ఉంటారు. ఎడమ అంచున జనాన్ని ఎక్కించుకున్న బస్సు వరసలన్నీ అడ్డంగా కోసుకుంటూ మీ దాకా రావాలి. వచ్చాక అంత పొడుగు మనిషి మీ ఇరుకు సందులో ఒక్క ఊపులో తిరగలేడు. ముందుకొకసారి, వెనక్కొకసారి. ఈలోగా వెనక హారన్లు, పక్కన సందు దొరికిందని దూరిన బైకులు, అవతల వేగంగా వచ్చేవాళ్ల తిట్లు. కూడలిలో ఆగాల్సిన బండ్లు ఇక్కడ ఆగాయి, అంతే. తేడా ఏమంటే అక్కడ ఎర్రలైటు కింద అంకెలు కనిపించేవి. తొంభై, ఎనభై తొమ్మిది, ఎనభై ఎనిమిది... ఇంజను ఆపుకుని ఊపిరి పీల్చుకునేవాళ్లం. మీ దగ్గర అంకెల్లేవు. క్లచ్చు మీద కాలు, దేవుడి మీద భారం.

మీకు ఈ ఊరి పుట్టుక ఎవరూ చెప్పినట్టు లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరాన్ని మొదలుపెట్టినప్పుడు ముందుగా చేసిందేమిటి? నాలుగు దిక్కులకు నాలుగు దారులు వేయించి, అవి కలిసేచోట చార్మినార్ నిలబెట్టడం. ఊరి నక్షా గీసిన మీర్ మోమిన్‌కు చౌరస్తాయే ఊరు. అది చాలదన్నట్టు, కాస్త ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్. తరవాతి వాళ్లూ అదే దారి పట్టారు. మొజంజాహీ మార్కెట్‌ను నిజాం కాలంలో ఎక్కడ కట్టారో చూడండి, అబిడ్స్ నుంచీ నాంపల్లి నుంచీ బేగంబజార్ నుంచీ కోఠి నుంచీ వచ్చేవాళ్లు కలిసేచోట. నారాయణగూడ చౌరస్తా, బర్కత్‌పురా చౌరస్తా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అంటూ మేం పేర్లు పెట్టుకున్నదీ కూడళ్లకే. చాయ్ తాగడానికి, తగువులాడుకోవడానికి, ధర్నాకు కూర్చోవడానికి, ఎన్నికలప్పుడు మైకు పెట్టుకోవడానికి చౌరస్తాయే దిక్కు. అలాంటి ఊళ్లో కూడలి కనపడితే చాలు దిమ్మెలు దించి, తిరగాల్సినవాళ్లను మీకు అప్పజెప్పారు.

ఇప్పుడు చార్మినార్ చుట్టూ మోటారు బండ్లకు ప్రవేశం లేదు. నాలుగు వందల ఏళ్ల కిందటి కూడలిలో మనిషి నడిచి అవతలికి వెళ్లగలడు. నిన్నగాక మొన్న వెడల్పు చేసిన రోడ్డు మీద వెళ్లలేడు.

ఈ విషయం దగ్గరే నాకు నిద్ర పట్టడం లేదు. బండి ఉన్నవాడు పెట్రోలు తగలేసుకుంటాడు, తిట్టుకుంటాడు, తిరిగొస్తాడు. నడిచేవాడికి యూ-టర్న్ ఎక్కడిది? సిగ్నల్ ఉన్నప్పుడు బండ్లు ఆగేవి, అవి ఆగినప్పుడు ముసలీ ముతకా దాటేవాళ్లు. జీబ్రా గీతలను ఎవరూ లెక్కచేయకపోయినా ఆ కాసిన్ని క్షణాలు మాత్రం వాళ్లవే. సిగ్నల్‌తో పాటు అవీ పోయాయి. ఇప్పుడు బండ్లు ఆగవు, ఆగకపోవడమే మీ గొప్ప. నిన్న ఆటో అతనే అన్నాడు, "గీడ దించుతా, నడ్సుకుంట పోతరా సార్?" అని. తల బయటపెట్టి చూశాను. నడుమ డివైడర్, దాని మీద నడుమెత్తు ఇనుప కమ్మీలు, ఎవరో రెండు కమ్మీలు వంచి చేసిన కంత. ఆ కంతలోంచి ఒకావిడ చంటిపిల్లను ముందు అవతలికి అందించి, తరవాత తను వంగి దూరుతోంది. డెబ్బై దాటిన మా అమ్మను, చూపు ఆనని మనిషిని, అందులోంచి దూరమననా?

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంది కదా అంటావు. ఉంది. మెట్లెక్కితే మోకాళ్లు పోతాయి. లిఫ్టు ఉంది, దాని తలుపు ముందు ఎవరో బనియన్లు ఆరేసుకున్నారు. అయినా నాకు తెలియక అడుగుతాను, కంటి ఆసుపత్రికి, మోకాళ్ల ఆసుపత్రికి, పిల్లల బడికి వచ్చేవాళ్లంతా ఎక్కి దిగాలి గానీ, నాలుగు చక్రాల వాడు బ్రేకు మీద కాలు పెట్టకూడదని ఎవడు చెప్పాడు నీకు? ఈ రోడ్డు ఎవడబ్బ సొమ్ము? రోడ్డుకు ఇటుపక్క ఉన్న కిరాణా కొట్టువాడికి అటుపక్క గిరాకీ పోయింది. ఎదురింట్లో పెళ్లయితే క్యాబ్ ఎక్కి పోవాల్సి వస్తోంది. ఒక్క వీధిని నిలువునా చీల్చి రెండు ఊళ్లు చేశావు కదయ్యా!

క్షమించాలి, గొంతు పెరిగింది. గౌరవంగానే ముగిద్దామనుకున్నాను.

మీ పుణ్యాన పుట్టిన మరో సంప్రదాయం రాంగ్ రూట్. మీ దాకా వెళ్లే ఓపిక లేనివాడు, పార్సెల్ ఆలస్యమైతే డబ్బులు కోత పడే డెలివరీ కుర్రాడు, రోడ్డు అంచు పట్టుకుని ఎదురొస్తాడు. ఎదురొచ్చి, మనమే తప్పు అన్నట్టు హెడ్‌లైటు కొడతాడు. చెట్టు చాటున కెమెరా పట్టుకున్నాయన వాడి నంబరు ఫొటో తీసి చలానా పంపిస్తాడు. చలాన్లు గుట్టలు పడ్డాక 2022 మార్చిలో బైకులకు 75 శాతం మాఫీ అన్నారు, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం అన్నారు. ఆషాఢం సేల్ కోసం చీర కొనకుండా ఆగేవాళ్లను చూశాం, చలానా కట్టకుండా ఆగేవాళ్లనూ చూశాం.

మీ బంధువర్గానికీ నా నమస్కారాలు. తమ్ముడు ఫ్రీ లెఫ్ట్‌కు ప్రత్యేకంగా చెప్పండి. అతని పేరులోనే తప్ప ఎక్కడా ఫ్రీ లేదు, తిన్నగా పోవాల్సినవాళ్లంతా అతని నోటికి అడ్డంగానే నిలబడతారు. అన్నగారు ఫ్లైఓవర్ మమ్మల్ని ఆకాశానికెత్తి మరీ తరవాతి జామ్‌లో దించుతున్నారు, సంతోషం. 2009లో తెరిచిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల పొడుగునా మాకు చేసిన మేలు మాత్రం మరువలేం. పైన పోయేవాళ్ల సంగతి ఎలా ఉన్నా, కింద అత్తాపూర్ వాళ్లకు స్తంభాల నంబర్లే చిరునామాలయ్యాయి. శుభలేఖల్లో సైతం పిల్లర్ నంబరు అచ్చేస్తున్నారు. దాని కింద, "ముందుకెళ్లి యూ-టర్న్ తీసుకోగలరు" అని మీ పేరూ ఉంటుంది. వధూవరుల తల్లిదండ్రుల తరవాత మీరే.

ఒకటి ఒప్పుకోవాలి. సిగ్నళ్లు పోయాక వాటి దగ్గర బతికినవాళ్లకు మీరే నీడయ్యారు. కారు తుడిచే గుడ్డలు, ఫోన్ స్టాండ్లు, ఆగస్టులో జెండాలు, సాయంత్రమైతే మల్లెపూలు. వానాకాలం చివర్లో పాలమూరు వైపు నుంచి వచ్చిన సీతాఫలాల గంపలు మీ వంపు దగ్గరే వాలతాయి. నిన్న ఓపీ దొరక్క తిరిగొస్తుంటే (ఇంటికీ యూ-టర్నే మరి) మా అమ్మ ఆటోలోంచే బేరమాడి డజను కాయలు తీసుకుంది. బండ్లు కదల్లేదు కాబట్టి బేరం బాగా సాగింది. అందులో రెండు అక్కడే తినేసి, గింజలు మీ వైపే ఉమ్మింది. అది కోపమో ఆశీర్వాదమో నేను అడగలేదు.

తార్నాక సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏళ్ల తరబడి మూసి ఉంచిన చౌరస్తాను 2025లో మళ్లీ తెరిచి చూశారు, పక్కనున్న మీ వాళ్లను పక్కకు తప్పించి. కాబట్టి దిమ్మెలు కదలవనీ, సిగ్నల్ మళ్లీ వెలగదనీ ఎవరైనా చెబితే నేను నమ్మను. మిమ్మల్ని ఊళ్లోంచే వెళ్లగొట్టమనడం లేదు. బండ్లను తిప్పుకోండి, ఎంత దూరమైనా తిప్పుకోండి. ఆసుపత్రుల ముందు, బడుల ముందు మాత్రం ఒక ఎర్రలైటు, మనిషి నడిచి దాటేంతసేపు. అంతకన్నా తక్కువకు నేను బేరానికి రాను. బేరంలో నేను మా అమ్మ కొడుకునే.

ఇట్లు,
అవతలి వైపుకు వెళ్లాల్సినవాడు

తా.క.: జవాబు రాయకుండా స్వయంగా వస్తానంటే మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదే. మీరు ఎటు నుంచి వచ్చినా కుడి పక్కే ఉంటుంది.