తగ్గిందా, తగ్గించారా?

నల్లగొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. వాళ్ల నోట్‌బుక్కుల్లో నాకు పదే పదే కనిపించే తప్పు ఒకటుంది. జ్వరం తగ్గినా, వాన తగ్గినా, ఉల్లిగడ్డ ధర తగ్గినా, బోరులో నీళ్లు తగ్గినా అన్నింటికీ 'రెడ్యూస్డ్' అని రాసేస్తారు. ఐదు కిలోల బరువు తగ్గినవాడు 'ఐ రెడ్యూస్డ్ ఫైవ్ కేజీస్' అంటాడు. ఇంగ్లిష్‌లో అక్కడ 'లాస్ట్' అనాలి. జ్వరమైతే 'కేమ్ డౌన్', ధరైతే 'ఫెల్'.

ఇందులో పిల్లల తప్పు లేదు. వాళ్లు కొనుక్కునే గైడ్లలో డిక్రీజ్, డిక్లైన్, డిమినిష్, డ్విండిల్, అబేట్, సబ్‌సైడ్, రిసీడ్, డిప్లీట్, కర్టెయిల్ అని మాటలన్నీ వరుసగా అచ్చేసి, ఎదురుగా 'తగ్గుట' అని ఒకే అర్థం ఇస్తారు. పిల్లలు దాన్నే బట్టీ పడతారు.

నిజానికి ఈ తేడాలు మన జిల్లా పిల్లలకు కొత్తవి కావు. ఇంట్లో, పొలంలో, సంతలో రోజూ వింటున్నవే. గైడ్లు, ప్రెస్ నోట్లు, వార్తలు కలిసి అన్నింటినీ 'తగ్గింది' అనే ఒక్క మాటలోకి తోసేశాయి. దానివల్ల పరీక్షలో పోయేది ఒకటి రెండు మార్కులే. నన్ను బాధపెట్టేది వేరే. ఏదైనా తగ్గినప్పుడు దానంతట అది తగ్గిందా, ఎవరైనా తగ్గించారా, మళ్లీ పెరుగుతుందా అన్నది మనం ఎంచుకునే మాటలోనే ఉంటుంది. మాట మారితే జవాబు చెప్పాల్సిన మనిషి కూడా మారతాడు.

వరదతో మొదలుపెడతాను. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగింది. అలాంటి వరద పోయినప్పుడు ఊళ్లో 'వరద తీసింది' అంటారు. నీళ్లు వచ్చిన దారినే వెనక్కి మళ్లడం అన్నమాట. ఇంగ్లిష్ 'రిసీడ్' సరిగ్గా అదే, లాటిన్ మూలంలో వెనక్కి వెళ్లడం. 'సబ్‌సైడ్' మూలంలో కిందికి దిగి కూర్చోవడం ఉంది. నేల కుంగినా, గొడవ సద్దుమణిగినా ఆ మాటే వాడేది అందుకే. 'అబేట్' పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, కొట్టి పడగొట్టడం దాని మూలం. గాలివాన జోరు విరిగినప్పుడు అది అతుకుతుంది. వాన కాసేపు ఆగితే తెరిపిచ్చింది అనీ, పూర్తిగా ఆగితే వెలిసింది అనీ వేరుచేసి చెప్పే ఇంట్లో పెరిగిన పిల్లకు ఈ తేడా పట్టుకోవడం ఎంతసేపు?

భూగర్భ జలాల దగ్గరికి వస్తే సంగతి బరువెక్కుతుంది. రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే మాట 'డిక్లైన్'. దాని మూలం వంగడం, వాలడం. పొద్దు వాలితే మనం ఎవరినీ నిలదీయం. 'డిప్లీట్' మూలం నింపడానికి సరిగ్గా ఎదురు, అంటే ఉన్నదాన్ని ఖాళీ చేయడం. ఆ మాట రాయగానే ఎవరు ఖాళీ చేశారన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలో, ఏటా తోడుకోదగ్గ నీటికి మించి, అంటే 100 శాతం దాటి తోడే ప్రాంతం 'ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్'. తోడిన చెయ్యి ఆ పేరులోనే ఉంది.

మనవాళ్లయితే బోరు వట్టిపోయింది అంటారు. బర్రె పాలు మానేసినా వట్టిపోయింది అనే అంటారు. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. వట్టిపోయిన బర్రె మళ్లీ ఈనితే పాలిస్తుంది. మనది రాతి నేల, నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. తోడితే తొందరగా అయిపోతాయి, మంచి వాన పడితే కొంత తిరిగి చేరతాయి. ఆ ఆశ ఆ మాటలో ఉంది. కానీ వాన వచ్చేదాకా బత్తాయి చెట్టు ఆగదు. ట్యాంకర్లతో నీళ్లు పోసి, అప్పు పెరిగి, చివరికి తోట నరికేసుకున్న రైతును 'సాగు విస్తీర్ణం తగ్గింది' అన్న వాక్యంలో వెతికితే దొరకడు.

నాగార్జునసాగర్‌ది ఇంకో రకం తగ్గుదల. మొదట్లో 408 టీఎంసీలుగా లెక్కేసిన నిల్వ సామర్థ్యం ఇప్పుడు సుమారు 312. నీటిమట్టం 590 అడుగుల నుంచి దిగితే మళ్లీ వానకాలానికి ఎక్కుతుంది. పూడిక మింగిన చోటు తిరిగి రాదు. ఎగువన నేల 'ఇరోడ్' అయింది, మూలార్థంలో కొరుక్కుతినడం. ఆ కొరికిన మన్నే సాగర్ అడుగున పేరుకుంది. నీటిమట్టానికీ, నిల్వ సామర్థ్యానికీ తగ్గింది అనే రాస్తే చదివేవాడు రెండూ ఒకటే అనుకుంటాడు.

పాలమూరు ఊళ్ల గురించి రాసేటప్పుడు 'డ్విండిల్' వాడతారు. కొంచెం కొంచెంగా, చప్పుడు లేకుండా సన్నగిల్లడం. ముంబై, పుణె బస్సులెక్కిన ఇళ్ల తాళాలు చూస్తే మాట సరిపోయినట్టే ఉంటుంది. అయితే ఆ క్రియకు చేసేవాడు ఉండడు. వలసను మాత్రం ఎవరో చేసిన, లేదా చేయని పనులే తెచ్చాయి.

తగ్గింది అనే మాటను అన్నింటికంటే జాగ్రత్తగా వాడాల్సింది ఫ్లోరైడ్ విషయంలో. తాగే నీళ్లలో అది ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. మన జిల్లా పేరుతోనే 'నల్లగొండ టెక్నిక్' ఉంది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతి, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది లెక్క. నీళ్లలో ఫ్లోరైడ్‌ను 'రెడ్యూస్' చేయవచ్చు. నొప్పిని 'ఎలీవియేట్' చేయవచ్చు, అంటే బరువు తేలిక చేయడం. బాధ తీవ్రతను 'మిటిగేట్' చేయవచ్చు, అంటే మెత్తబరచడం. ఒకసారి వంగిపోయిన ఎముకకు ఈ మూడింటిలో ఏదీ వర్తించదు. తెలుగులో రోగం తగ్గింది అంటే నయమైందని అర్థం. 'ఫ్లోరైడ్ తగ్గింది' అని పేపర్లో చదివి, మర్రిగూడ వైపు నడుం వంగిన పెద్దమనిషి ఏమనుకోవాలి? నీళ్లు బాగైనందుకు సంతోషమే. ఆయన వంగిన నడుం ఆ వాక్యంలో ఎక్కడా లేదు. అందుకే అక్కడ 'నీళ్లలో ఫ్లోరైడ్ శాతం తగ్గించారు' అని పూర్తిగా రాయాలంటాను.

ఇక తరుగు. బంగారం షాపులో తరుగు, వడ్ల కాంటా దగ్గర తరుగు. తరగడం అంటే దానంతట అది తగ్గడం, అరగడం. వడ్లు ఎండకు ఆరి బరువు తగ్గితే అది నిజమైన తరుగే. తేమ 17 శాతం దాటకుండా ఆరబెట్టి, తాలు తీసి తెచ్చిన 40 కిలోల బస్తాలో కాంటా మీద కిలో రెండు కిలోలు కొట్టేస్తే అది తరుగు కాదు, కోత. ఇంగ్లిష్‌లో 'డిడక్షన్' అంటే ఒకరు తీసుకోవడమే. పుస్తకంలో తరుగు అని రాస్తే మాత్రం వడ్లే తగ్గిపోయినట్టు ఉంటుంది. రైతులకు ఈ సంగతి తెలుసు. తరుగు పోయింది అనరు, 'తరుగు తీసిండ్రు' అంటారు. మాటలోంచి జారిపోయిన మనిషిని క్రియతో పట్టుకొస్తారు.

మొన్న క్లాసులో ఈ 'తరుగు తీసిండ్రు'నే ఇంగ్లిష్‌లోకి మార్చమన్నాను. ఎక్కువమంది 'ద వెయిట్ డిక్రీజ్డ్' అని రాశారు. వెనక బెంచీలో ఒకమ్మాయి 'దే డిడక్టెడ్ టూ కేజీస్ ఫ్రమ్ ఎవ్రీ బ్యాగ్' అని రాసింది. 'దే' అంటే ఎవరమ్మా అని అడిగాను. ఆమె జవాబు చెప్పేలోపే మిల్లు వాళ్లని ఒకరు, కాంటా వాళ్లని ఇంకొకరు, ఇద్దరూ కలిసే సార్ అని మరొకరు. టైం అయిపోయినా పిల్లలు లేవలేదు.