కట్టమంచి గారికి ఒక్క లైనేనా?

ఆంధ్ర యూనివర్సిటీ (ఏయూ) చరిత్ర మీద మీ ఆర్టికల్ బాగుంది గానీ కట్టమంచి రామలింగారెడ్డి గారిని మొదటి వైస్ ఛాన్సలర్ అని ఒక్క లైన్లో తేల్చేయడం బాధనిపించిందండి. 1926లో బెజవాడలో మొదలైన యూనివర్సిటీ వాల్తేరుకి మారిన 1930లోనే, శాసనోల్లంఘన ఉద్యమాన్ని బ్రిటిష్ వాళ్లు అణిచేస్తున్న తీరుకి నిరసనగా ఆ కుర్చీ వదిలేశారాయన, ఈరోజుల్లో ఎవరన్నా అలా చేస్తారా చెప్పండి. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా వచ్చి, తర్వాత్తర్వాత పెద్ద నాయకులైన హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ లాంటి కుర్రాళ్లని మేష్టార్లుగా రప్పించారు. సైన్స్ కాలేజీకి జయపురం (ఇప్పుడు ఒడిశాలో ఉంది) మహారాజా విక్రమదేవ వర్మ గారి పేరు ఊరికే పెట్టలేదు, ఏటా లక్ష రూపాయలిచ్చారు, అప్పట్లో లక్షంటే మాటలా! 1936లో మళ్లీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా ఉన్నారు. స్టాటిస్టిక్స్ సి.ఆర్.రావు గారు మ్యాథ్స్ ఎమ్మే చేసిందీ ఇక్కడే, ఆ పేరు అసలు లేదు, దయచేసి చేర్చండి.