128 బైట్లు ఎవరు పెట్టమన్నారు?

1977లో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్ ఫోన్ లైన్ మీద ఫైళ్లు పంపడానికి ఓ చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. తర్వాత ఎక్స్‌మోడెమ్‌గా పేరు పడింది అదే. ఫైల్‌ను 128 బైట్ల ముక్కలు చేసి ఒక్కొక్కటే పంపుతుంది. 128 ఎందుకంటే, ఫోన్ లైన్ల మీద పరీక్షలు చేసి తేల్చిన అంకె ఏమీ కాదు, ఆయన వాడుతున్న సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిస్క్ రికార్డు (ఒకసారికి చదివే ముక్క) సైజు అంతే. ఒక రికార్డు చదవడం, పంపడం, మళ్లీ ఇంకోటి. హడావుడిగా రాసిపడేశానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు కూడా.

సెకనుకు 300 బిట్లు పంపే అప్పటి మోడెమ్ (కంప్యూటర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే పరికరం) మీద ఇది బాగానే నడిచింది. సెకనుకు 30 అక్షరాలు, డేటాకు తోడు ముక్క నంబరూ, తప్పులు పట్టే చెక్‌సమ్మూ లాంటివి కలిపి 132 బైట్లు, అంటే ఒక ముక్క వెళ్లడానికి 4.4 సెకన్లు. ఆ తర్వాత 'అందింది' అన్న జవాబు కోసం కాసేపు ఆగినా ఎవరికీ పట్టదు. 2400 బిట్ల మోడెమ్‌లు వచ్చాక అదే ముక్క 0.55 సెకన్లలో వెళ్లిపోతోంది, మధ్యలో శాటిలైట్ లింకు ఉండి జవాబుకు అర సెకను పట్టిందంటే దాదాపు సగం టైమ్ లైన్ ఊరికే ఉన్నట్టే, ఫోన్ బిల్లు మాత్రం ఆగదు.

ఫైళ్లు పంపే ఇంకో ప్రోగ్రామ్ కెర్మిట్‌ది ఇంకో కథ. 1981లో కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ క్యాచింగ్స్ మొదలుపెట్టారు. వాళ్ల తలనొప్పి మెయిన్‌ఫ్రేమ్‌లనే పెద్ద కంప్యూటర్లతో: కొన్ని లైన్లు బైట్‌లోని 8 బిట్లలో 7కు మించి మోయవు, కొన్ని సిస్టమ్‌లు కంట్రోల్ క్యారెక్టర్లను (తెర మీద కనబడని ఆదేశాల్లాంటి సంకేతాలను) మధ్యలోనే మింగేస్తాయి. అందుకే అన్నీ అచ్చయ్యే అక్షరాలుగా మార్చి పంపారు. ప్యాకెట్ (పంపే ముక్క) పొడవు కూడా అలాంటి ఒక్క అక్షరంలోనే చెప్పాలి, అవి ఉన్నవే 95, సున్నాకు ఒకటి పోతే మిగిలింది 94. అదే గరిష్ఠ పొడవు.

నా మటుకు ఇది ఎక్స్‌మోడెమ్ అంకె కన్నా బుద్ధిగా ఎంచుకున్నది. ఎంత చెత్త లైన్ మీదైనా ఫైల్ చేరాలన్నది వాళ్ల పట్టుదల. కానీ పొడవైన ప్యాకెట్లు, జవాబు కోసం ఆగకుండా వరసగా పంపే స్లైడింగ్ విండోలు 80లలోనే వచ్చినా, వాటిని డిఫాల్ట్‌గా పెట్టలేదు, మాన్యువల్ చదివినవాళ్లకే వదిలేశారు. మాన్యువల్ ఎవరు చదువుతారు? ఉన్నది ఉన్నట్టు వాడినవాళ్లకు కెర్మిట్ అంటే నత్తనడక. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రాసిన జీమోడెమ్ మాత్రం లైన్ బాగానే ఉందనుకుని ఆపకుండా పంపేస్తుంది, తప్పు వచ్చిందని అవతలివాళ్లు చెబితే అక్కడికి వెనక్కి వెళ్తుంది. మెచ్చుకోళ్లన్నీ దానికే.

చివరికి 2000లో కెర్మిట్ వెర్షన్లలో ఒకటైన సీ-కెర్మిట్ 7.0 వేగవంతమైన సెట్టింగులను డిఫాల్ట్ చేసింది. అప్పటికి జనం ఫైళ్లను ఇంటర్నెట్‌లో దించుకుంటున్నారు.