డిగ్రీ గుమ్మం దగ్గర అడగొద్దు

రెండేళ్ల కిందట, దీపావళికి ఇంకా రెండు రోజులుందనగా మా ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంగ్లండులో మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు. పండగ ముందు జాగ్రత్తగా ఉండమని పోలీసులే చెబుతుంటారు. ఫోన్ చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఒకాయనకు యాభై దగ్గర పడుతుంటాయి. రెండో అబ్బాయిది మావాడి వయసే.

కుర్రవాడు చకచకా పని చేశాడు. డోర్‌బెల్ కెమెరాలో వీడియో చూశాడు, వీధిలో ఇంకెవరికి కెమెరాలున్నాయో రాసుకున్నాడు. పెద్దాయన మాత్రం మా అత్తగారి పక్కన కూర్చున్నాడు. ఆవిడకు ఇంగ్లిషు అంతంతమాత్రం. నన్ను మధ్యలో పెట్టుకుని ఒక్కో నగ ఎవరు పెట్టారు, పెళ్లి ఫొటోల్లో ఏమైనా కనిపిస్తాయా అని నెమ్మదిగా అడిగాడు. అప్పటిదాకా ఏడుస్తూ కూర్చున్న మనిషి, ఫొటో అనగానే లేచి ఆల్బమ్ తెచ్చింది. అరగంటలో ఫొటోలతో సహా జాబితా తయారైంది. వెళ్లేముందు మాటల్లో తెలిసింది: కుర్రవాడు ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదువుతున్నాడట, శుక్రవారానికి అసైన్‌మెంట్ ఇవ్వాలట. పెద్దాయన స్కూలు చదువుతో ఆపేసి, కొన్నాళ్లు ఫ్యాక్టరీలో చేసి పోలీసైనవాడు. నగలు దొరకలేదు, అది వేరే సంగతి.

ఆ రాత్రి నుంచి ఈ డిగ్రీ గొడవ మీద నాకు ఆసక్తి పుట్టింది. ఇంగ్లండు, వేల్స్‌లలో కొత్త కానిస్టేబుళ్లందరికీ డిగ్రీ స్థాయి చదువు ఉండాలని, అక్కడి పోలీసు శిక్షణకు ప్రమాణాలు పెట్టే సంస్థ కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ 2016లో ప్రకటించింది. దారులు మూడు. ముందే పోలీసింగ్ డిగ్రీ చేసి రావచ్చు. వేరే డిగ్రీ ఉంటే చేరాక రెండేళ్లు చదవచ్చు. ఏ డిగ్రీ లేకపోతే జీతం తీసుకుంటూ మూడేళ్ల అప్రెంటిస్‌షిప్‌లో డిగ్రీ పూర్తి చేయాలి. ఇంగ్లండులోని లింకన్‌షైర్ అనే కౌంటీ పోలీసు అధిపతి దీని మీద 2019లో హైకోర్టుకి వెళ్లి ఓడిపోయాడు. చిన్న దళం ఆయనది. అప్రెంటిస్‌ల సమయంలో అయిదో వంతు చదువుకే పోతే వీధిలో ఎవరుంటారన్నది ఆయన బాధ. చివరికి 2022 నవంబరులో అప్పటి హోం మంత్రి సుయెల్లా బ్రేవర్‌మన్ డిగ్రీ లేని దారి కూడా ఉంచాల్సిందేనన్నారు. 2024 ఏప్రిల్ నుంచి డిగ్రీ అక్కర్లేని రెండేళ్ల కోర్సు ఒకటి నడుస్తోంది.

డిగ్రీ కావాలనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మన దగ్గర కానిస్టేబుల్‌కి ఇంటర్, ఎస్సైకి డిగ్రీ. కేసు దర్యాప్తు సాధారణంగా ఎస్సై, ఆ పైవాళ్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ దాదాపు అందరూ కానిస్టేబుల్‌గానే మొదలవుతారు. అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆ ఇరవయ్యేళ్ల మనిషి అర్ధరాత్రి ఎవరింటి గుమ్మంలోనో నిలబడి తేల్చుకోవాలి. గృహహింస, మతి స్థిమితం లేనివాళ్లు, ఆన్‌లైన్ మోసాలు, అన్నీ వాళ్ల మీదకే వస్తాయి. కొద్ది నెలల ట్రైనింగ్ ఇచ్చి పంపడం అన్యాయం. నార్వేలో పోలీసు కావాలంటే మూడేళ్ల బ్యాచిలర్ డిగ్రీ చేయాల్సిందే.

కానీ ఆ మూడేళ్లూ పోలీసు పనిలో శిక్షణే. ఎక్కడో హిస్టరీలోనో బిజినెస్‌లోనో పట్టా తెచ్చుకోవడం వేరు. న్యూయార్క్ పోలీసులు ఎన్నో ఏళ్లు 60 కాలేజీ క్రెడిట్లు (సుమారు రెండేళ్ల చదువు) అడిగి, మనుషులు దొరక్క 2025లో 24కి దించేశారు. నిన్నటిదాకా అంత అవసరమైనది ఇవాళ సగానికి పైగా అక్కర్లేకుండా పోయిందంటే, అది పనికోసం పెట్టిన కొలతేనా అని అనుమానం రాదూ?

అసలు మనల్ని భయపెట్టిన కేసుల్లో తప్పిందేమిటో చూడండి. 2021లో లండన్ పోలీసు వేన్ కజెన్స్, ఉద్యోగంలో ఉంటూనే, డ్యూటీలో లేని సమయంలో ఒక యువతిని ఎత్తుకెళ్లి చంపాడు. డేవిడ్ కారిక్ అనేవాడు ఏళ్ల తరబడి ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేస్తూ అదే దళంలో కొనసాగాడు. 2017లో మళ్లీ వెట్టింగ్ (పూర్వాపరాల తనిఖీ) చేసి కూడా పాస్ చేశారు. ఫిర్యాదులు వచ్చినప్పుడు పట్టించుకోకపోవడమే అక్కడి జబ్బు. దానికి పట్టా మందు కాదు.

మన దగ్గరైతే రూల్ లేకుండానే డిగ్రీలు వచ్చేస్తున్నాయి. బీటెక్‌లు, పీజీలు చేసినవాళ్లు కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటూ, తెల్లవారకముందే గ్రౌండ్‌లో 1600 మీటర్లు పరిగెడుతున్నారు. అది ఉద్యోగాల కరువు. అందువల్ల స్టేషన్ మెట్లెక్కాలంటే మనకున్న భయం తగ్గిందా? నాకైతే తగ్గలేదు. మరోపక్క, 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా చేసిన రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి కాలేజీ పట్టాతో పోలీసైనవారు కాదు. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు చదువుకోవాలని రెడ్డి హాస్టల్ పెట్టించినది ఆయనే. తెలంగాణ పోలీసు అకాడమీకి ఇవాళ ఆయన పేరే ఉంది.

నా మాట ఒక్కటే. డిగ్రీ గుమ్మం దగ్గర అడగొద్దు, లోపలికి తీసుకున్నాక నేర్పండి. మూడేళ్లు నేర్పండి, జీతమిచ్చి నేర్పండి, అయిదో వంతు సమయం పోతే ఆ మేరకు ఎక్కువమందిని తీసుకోండి. ఆ కుర్రవాణ్ని శుక్రవారం అసైన్‌మెంట్ టెన్షన్‌తో రాత్రి డ్యూటీకి పంపకండి. పెద్దాయన పక్కన మాత్రం తప్పకుండా పంపండి.

మనం కూడా కొంచెం అద్దంలో చూసుకోవాలి. డిగ్రీలకు కొదవలేని మన ఇళ్లలోంచి పోలీసులోకి వెళ్లేదెవరు? పర్మనెంట్ రెసిడెన్సీ ఉంటే భారత పాస్‌పోర్టుతోనే ఇక్కడ దరఖాస్తు చేయొచ్చని చాలామందికి తెలియను కూడా తెలియదు. మావాడు కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో ఉన్నాడు. జీతం లేకుండా, కానిస్టేబుల్‌కున్న అధికారాలతోనే ఖాళీ సమయంలో పనిచేసే స్పెషల్ కానిస్టేబుల్‌గా చేరతానంటున్నాడు. "ఇంత చదివించింది ఇందుకా?" అని వాళ్లమ్మ. "ఆ రోజు వచ్చినాయన లాంటి పోలీసైతే కానివ్వవే" అని అత్తగారు. ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.