పాపం, పాత గూఢచారులు

టెక్నాలజీ పెరిగి మనిషి స్వేచ్ఛ పోతోందని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకేమీ జాలి కలగదు. నా జాలంతా పాత కాలపు గూఢచారుల మీద. జనం మీద నిఘా పెట్టడానికి ఆ మహానుభావులు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

1844లో సంగతి. లండన్‌లో తలదాచుకున్న ఇటలీ విప్లవకారుడు మాజినీ ఉత్తరాలను బ్రిటిష్ ప్రభుత్వం విప్పి చదివేది. చదివితే సరిపోదు, విప్పిన ఆనవాలు లేకుండా మళ్లీ అంటించాలి. ఆయనేమో అనుమానం వచ్చి, కవర్లలో గసగసాలు, ఇసుక రేణువులు వేయించాడు. కవరు చేరేసరికి గసగసాలు గల్లంతు! పార్లమెంటులో పెద్ద రభస. ఉత్తరాలు విప్పినందుకే ఇంత గొడవ చేసిన కాలం అది.

తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీ కష్టాలు ఇంకా ఘోరం. 1989 నాటికి జీతగాళ్లే సుమారు 91 వేల మంది. వీళ్లు మనిషి వాసనను కూడా దాచేవారు. అనుమానితుణ్ణి విచారణకు పిలిచి, గుడ్డ పరిచిన కుర్చీలో కూర్చోబెట్టేవారు. అతను లేచి వెళ్లాక ఆ గుడ్డను పట్టకారుతో తీసి, గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, చీటీ అంటించేవారు. రేపెప్పుడైనా ప్రభుత్వాన్ని తిట్టే కరపత్రం దొరికితే కుక్కకు వాసన చూపించాలి కదా. సాయంత్రం ఇంటికెళ్లాక భార్య "ఇవాళ ఆఫీసులో ఏం చేశారండీ" అని అడిగితే ఆ ఉద్యోగి ఏం చెప్పుకునేవాడో! ఇక వాళ్లు పోగేసిన ఫైళ్లు వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు. ఏదైనా వెతకాలంటే ముందు నడక అలవాటుండాలి.

రుమేనియాలో 1983లో టైప్‌రైటర్లున్న ప్రతివాడూ పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించుకుని, దాని అక్షరాల నమూనా ఇచ్చి రావాలన్నారు. పాపం, అన్ని నమూనాలు ఎవరు సరిచూశారో.

ఇప్పటి ప్రభుత్వాలకు ఈ చాకిరీ లేదు. మనిషి వెంటపడే పని ఆ మనిషే నెత్తిన వేసుకున్నాడు. నిఘా పరికరాన్ని సొంత డబ్బుతో కొంటాడు, రాత్రి తల పక్కన చార్జింగ్ పెడతాడు, కింద పడితే విలవిల్లాడిపోతాడు. గోడలకు చెవులుంటాయని పెద్దలు భయపెట్టేవారు. ఇప్పుడు ఆ చెవుల్ని మనమే కొని తెచ్చి, ప్లగ్గులో పెట్టి, "ఒక పాట పెట్టవూ" అని బతిమాలుతున్నాం.

అయినా ప్రభుత్వాలకు మర్యాద లేదనకండి. అమెరికాలో కోట్ల మంది ఫోన్ రికార్డులు పోగవుతున్న సంగతి 2013లో అక్కడి నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టినప్పుడు, మాటలు వినడం లేదని, ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు చేశారన్నదే చూస్తున్నామని పెద్దలు ఓదార్చారు. నిజమే. ఒకావిడ అర్ధరాత్రి చెల్లెలితో గంటసేపు మాట్లాడి, పొద్దున్నే విడాకుల లాయరుకు, ఆ తర్వాత అద్దె ఇళ్ల బ్రోకరుకు ఫోన్ చేసిందనుకోండి. ఒక్క మాటా వినక్కర్లేదు. మొగుడికింకా తెలియదు గానీ సర్వరుకు తెలిసిపోయింది.

ఆ అమెరికాలోనే కొన్ని ప్రభుత్వ సంస్థలు వారెంటు కోసం కోర్టు మెట్లెక్కే శ్రమ కూడా మానుకున్నాయి. మామూలు యాప్‌ల నుంచి పోగైన లొకేషన్ డేటాను బ్రోకర్ల దగ్గర కొనుక్కున్నాయి. స్టాసీ వాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఆ సీసాలు నేలకేసి కొట్టేవారు.

తప్పు చేయనివాడికి దాపరికం దేనికంటారా? బాగుంది. ఆ మాట చెప్పేవాళ్ల ఫైళ్ల మీద 'అత్యంత రహస్యం' ముద్ర ఎందుకో మాత్రం అడక్కండి, అది దేశ భద్రత.

మొన్న వానొస్తుందో లేదో చూద్దామని ఒక ఉచిత యాప్ తెరిచాను. నేనెక్కడున్నానో తెలియాలంది, అదీ ఎప్పటికీ. పక్కనే కిటికీ ఉంది. అయినా 'అనుమతించు' నొక్కాను. వాన సూచన లేదంది. చూసేసరికి కిటికీ దగ్గరి పుస్తకాలు తడిసిపోయాయి.